మానవాళికి పురుడెవరు పోస్తారు?

"మానవాళి భవిష్యత్తు" అన్న మాట కొన్నేళ్ళుగా సైన్సు పుస్తకాల అట్టల మీద తరచుగా కనిపిస్తోంది. భూమి వేడెక్కితే మానవాళి ఏమవుతుంది, యంత్రాలకి బుద్ధి వస్తే ఏమవుతుంది, మానవాళి అంగారకుడి మీదికి వలసపోగలదా - ఇలాంటి ప్రశ్నలతో వచ్చే పుస్తకాలకి పాఠకులున్నారు, ప్రచురణకర్తలున్నారు, బహుమతులున్నాయి. "మనిషి" అనే మాటని మనం సాహిత్య విమర్శలో మూడు నాలుగు దశాబ్దాలుగా నిలదీస్తూనే ఉన్నాం. కవిత్వంలో, కథలో, చరిత్రలో ఆ మాట వెనక నిలబడ్డ మగవాణ్ణి గుర్తుపట్టడం నేర్చుకున్నాం. సైన్సు పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గిస్తాం. అది మన చదువు కాదనీ, అక్కడ లెక్కలే తప్ప పక్షపాతాలుండవనీ ఒక బెరుకు. ఆ బెరుకు వదిలించుకోవాలని నా ఉద్దేశం. ఎందుకంటే రేపటి ప్రపంచం ఎలా ఉండాలనే ఊహ ఇప్పుడు నవలల్లో కంటే ఈ పుస్తకాల్లోనే ఎక్కువగా తయారవుతోంది.

ఈ వ్యాసానికి లండన్‌లోని రాయల్ సొసైటీ ఏటా ఇచ్చే సైన్సు పుస్తక బహుమతిని తీసుకున్నాను. ఇది 1988లో మొదలైంది. సామాన్య పాఠకుల కోసం ఇంగ్లీషులో రాసిన సైన్సు పుస్తకాలకి ఇచ్చే బహుమతుల్లో దీనికి చాలా పేరుంది. గెలిచిన పుస్తకానికి ఇప్పుడు 25,000 పౌండ్లు, తుది జాబితాలోకి వచ్చిన మిగతా పుస్తకాలకి తలా 2,500 పౌండ్లు ఇస్తున్నారు. డబ్బు కంటే ముద్ర ముఖ్యం. ఆ ముద్ర పడ్డ పుస్తకం ఇతర భాషల్లోకి వెళుతుంది, ఇతర దేశాల లైబ్రరీలకి చేరుతుంది, పాఠాల్లో ఉదాహరణ అవుతుంది. ఇది భవిష్యత్తు గురించిన పుస్తకాలకే కేటాయించిన బహుమతి కాదు. మెదడు, గణితం, సముద్రం, విశ్వం అన్నిటి మీదా రాసిన పుస్తకాలకి ఇచ్చారు. అయితే మూడు సార్లు మాత్రం సూటిగా మానవాళి భవిష్యత్తు గురించి మాట్లాడిన పుస్తకాలు గెలిచాయి. 2008లో మార్క్ లైనస్ 'సిక్స్ డిగ్రీస్', 2015లో గాయా విన్స్ 'అడ్వెంచర్స్ ఇన్ ది ఆంత్రోపొసీన్', 2024లో కెలీ, జాక్ వీనర్‌స్మిత్ దంపతులు కలిసి రాసిన 'ఎ సిటీ ఆన్ మార్స్'. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే "మానవాళి" అన్న మాటకి మెల్లమెల్లగా శరీరం ఎలా వచ్చిందో, ఇంకా ఏమేం రాలేదో తెలుస్తుంది.

ముందు బహుమతి సంగతి చూద్దాం. 1988 నుంచి 2014 దాకా 27 ఏళ్ళు. మొదటి ఏడాది ఒక వైద్యుల సంఘం పేరుతో వచ్చిన పుస్తకానికి ఇచ్చారు. ఆ తర్వాత గెలిచిన వాళ్ళలో రోజర్ పెన్‌రోజ్, స్టీఫెన్ జే గౌల్డ్, స్టీఫెన్ హాకింగ్ లాంటి పెద్ద పేర్లున్నాయి. జేరెడ్ డైమండ్ రెండుసార్లు గెలిచాడు. ఈ మొత్తం కాలంలో కనిపించే స్త్రీ పేరు ఒక్కటే. 1997లో అలన్ వాకర్‌తో కలిసి 'ది విజ్డమ్ ఆఫ్ బోన్స్' రాసిన పాట్ షిప్‌మన్. ఒక స్త్రీ ఒంటరిగా గెలవడం 2015లో గాయా విన్స్‌తోనే మొదలైంది. ఆ తర్వాత వరసగా ఆండ్రియా వుల్ఫ్, కార్డీలియా ఫైన్, సారా-జేన్ బ్లేక్‌మోర్, కరోలిన్ క్రియాడో పెరెజ్, కమిలా పాంగ్. 2020 దాకా ఆరేళ్ళూ స్త్రీలే. 2021 నుంచి 2025 దాకా అయిదేళ్ళలో మళ్ళీ కెలీ వీనర్‌స్మిత్ పేరొక్కటే, అదీ భర్త పేరుతో కలిసి.

ఇరవయ్యేడేళ్ళూ స్త్రీలు సైన్సు రాయలేదని ఎవరూ అనలేరు. రాసేవాళ్ళు ఉండడం వేరు, వాళ్ళు రాసింది "అందరి గురించి" రాసినట్టు గుర్తింపు పొందడం వేరు. రాయల్ సొసైటీకి ఈ అలవాటు పాతదే. 1660లో పుట్టిన ఆ సంస్థకి 1902లో హెర్తా ఐర్టన్ అనే భౌతిక శాస్త్రవేత్త పేరు సభ్యత్వానికి ప్రతిపాదించారు. పెళ్ళయిన స్త్రీకి చట్టంలో విడిగా ఉనికి లేదు కాబట్టి ఆమెని చేర్చుకోవడం కుదరదని న్యాయవాదులు చెప్పారు. 1904లో ఆమె అక్కడే తన పరిశోధన పత్రం చదివింది. 1906లో అదే సంస్థ ఆమెకి హ్యూస్ పతకం ఇచ్చింది. సభ్యత్వం మాత్రం ఇవ్వలేదు. పతకం ఇవ్వడానికి అడ్డురాని పెళ్ళి, పక్కన కుర్చీ వెయ్యడానికి అడ్డొచ్చింది. మొదటి ఇద్దరు స్త్రీలు, కాథ్లీన్ లాన్స్‌డేల్, మార్జరీ స్టీఫెన్‌సన్, సభ్యులయింది 1945లో.

బహుమతి డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందన్నది కూడా విమర్శలో భాగమే అనుకుంటాను. 1990 నుంచి 2000 దాకా ఇది రోన్-పులెంక్ అనే ఫ్రెంచి రసాయనాల, మందుల కంపెనీ పేరుతో ఉండేది. ఆ తర్వాత 2006 దాకా అవెంటిస్, మధ్యలో కొన్నేళ్ళు ఏ పేరూ లేకుండా, 2011 నుంచి పెట్టుబడి సంస్థల పేర్లతో, 2023 నుంచి ట్రివేది పేరుతో సాగుతోంది. భోపాల్ దుర్ఘటన జరిగిన రెండేళ్ళకి, 1986లో, యూనియన్ కార్బైడ్ పురుగుమందుల వ్యాపారాన్ని కొనుక్కున్నది ఈ రోన్-పులెంకే. భోపాల్‌లో జరిగినదానికి ఈ కంపెనీ బాధ్యురాలు కాదు. కానీ ఏ రసాయనాలు మన దేశంలో ఆడవాళ్ళ గర్భాల దాకా చేరాయో, ఆ రసాయనాల వ్యాపారం నడుపుతున్న కంపెనీ డబ్బుతోనే ఇంకోచోట సైన్సు గురించి అందంగా చెప్పిన పుస్తకాలకి సన్మానాలు జరిగాయని మనం గుర్తుపెట్టుకోవాలి. ఆ రాత్రి గ్యాస్ పీల్చిన గర్భవతుల్లో ఎందరికో గర్భస్రావాలయ్యాయి. భోపాల్ కోసం పోరాడిన రషీదా బీ, చంపాదేవి శుక్లాలకి 2004లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. రసాయనాలు మనుషుల్ని ఏం చేస్తాయో వాళ్ళకంటే బాగా తెలిసినవాళ్ళు అరుదు. అయితే ఆ తెలివిడిని సైన్సు పుస్తకం అనరు, బాధితుల వాంగ్మూలం అంటారు.

ఇక పుస్తకాలు. 'సిక్స్ డిగ్రీస్' నిర్మాణం చాలా తేలికైనది, చాలా బలమైనది. భూమి సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఏమవుతుందో ఒక అధ్యాయం, రెండు డిగ్రీలకి ఇంకొకటి, అలా ఆరు దాకా. లైనస్ లైబ్రరీలో కూర్చుని శాస్త్రవేత్తల పత్రాలన్నీ చదివి, డిగ్రీల వారీగా పేర్చాడు. మెట్టు మెట్టుగా నరకంలోకి దిగుతున్నట్టు ఉంటుంది చదువుతుంటే. 2020లో ఆయనే ఆ పుస్తకాన్ని కొత్త సమాచారంతో 'అవర్ ఫైనల్ వార్నింగ్' పేరుతో తిరగరాశాడు. 2024లో ప్రపంచ సగటు పారిశ్రామిక యుగానికి ముందున్న స్థాయి కంటే 1.5 డిగ్రీలు దాటింది, ఒక పూర్తి సంవత్సరానికి అలా దాటడం అదే మొదలు. కాబట్టి ఆ పుస్తకం భయపెట్టడం కోసం రాసిందని అనలేం.

కానీ అందులో కథానాయకుడు డిగ్రీ. మనుషులు గుంపుగా వస్తారు, గుంపుగా పోతారు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాడ్పులకి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ వేసవి చూసినవాళ్ళు ఈ పుస్తకం చదివితే అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. నీళ్ళు అడుగంటితే బిందె పట్టుకుని ఇంకో మైలు నడిచేది ఎవరు? ఉపాధి హామీ పనికి పొద్దు పొడవకముందే వెళ్ళాలంటే అంతకన్నా ముందు లేచి పొయ్యి వెలిగించేది ఎవరు? వడదెబ్బ తగిలిన ముసలివాళ్ళకి తడిగుడ్డ వేసి కూర్చున్నది ఎవరు? ఒక డిగ్రీ పెరిగితే ఒక ఇంట్లో ఆడమనిషి పనిగంటలు ఎంత పెరుగుతాయన్న లెక్క ఆ పత్రాల్లో ఉండదు. అందుకని వాటిని పేర్చిన పుస్తకంలోనూ లేదు. ఇది లైనస్ ఒక్కడి లోపం కాదు. ఏది కొలిస్తే సైన్సు అవుతుంది, ఏది కొలవకపోయినా పరవాలేదు అన్న నిర్ణయం ఆయన లైబ్రరీలోకి అడుగుపెట్టక ముందే జరిగిపోయింది.

గాయా విన్స్ లైబ్రరీలోంచి బయటికొచ్చింది. లండన్‌లో ఒక సైన్సు పత్రికలో సంపాదకురాలి ఉద్యోగం వదిలి, రెండేళ్ళకి పైగా లోకం తిరిగి ఆ పుస్తకం రాసింది. అధ్యాయాలకి డిగ్రీల బదులు కొండలు, నదులు, పొలాలు, ఎడారులు, నగరాలు అని పేర్లు పెట్టుకుంది. మనుషులకి పేర్లున్నాయి, ఊళ్ళున్నాయి. లదాఖ్‌లో చెవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజనీరు చలికాలం వృథాగా పోయే నీటిని నీడపట్టున గడ్డకట్టించి, విత్తనాల వేళకి కరిగి పొలాలకి పారేలా చేసిన పద్ధతి గురించి ఆమె రాసింది చదివితే నిరాశలోంచి కాస్త తేరుకుంటాం. భవిష్యత్తు అనేది ఎక్కడో ప్రయోగశాలలో కాక, ఎండిన కాలవ పక్కన కూడా తయారవుతుందని ఆ పుస్తకం నమ్ముతుంది. అది పెద్ద మార్పు.

అయినా నాకొక అసంతృప్తి మిగిలింది. నాకు బాగా గుర్తుండిపోయిన మనుషులు, నోర్ఫెల్ గానీ, నేపాల్ కొండల్లో ఊళ్ళకి వైర్‌లెస్ ఇంటర్నెట్ తెచ్చిన మహావీర్ పున్ గానీ, ఒంటరిగా పట్టుబట్టి ఏదో కనిపెట్టిన మగవాళ్ళు. స్త్రీ రాసినా ఆవిష్కర్త కథ ఆవిష్కర్త కథగానే మిగిలింది. ఆ కాలవని ప్రతి ఏడూ పూడిక తీసి నిలబెట్టే చేతుల గురించి అంత శ్రద్ధ కనిపించదు. కనిపెట్టడం ఒక సంఘటన, కాబట్టి దానికి కథ ఉంటుంది. కాపాడుకోవడం రోజూ చేసే పని, దానికి కథ ఉండదు. మన ఇళ్ళలో వంటకీ విందుకీ ఉన్న తేడానే ఇది.

ఈ తేడాని సిద్ధాంతంగా మార్చిన పుస్తకం 2019లో గెలిచిన 'ఇన్విజిబుల్ విమెన్'. అది భవిష్యత్తు గురించిన పుస్తకం అని చెప్పుకోదు. అయినా భవిష్యత్తు పుస్తకాలన్నిటికీ ముందు చదవాల్సినది అదేనని నా అభిప్రాయం. కార్ల ప్రమాద పరీక్షల్లో వాడే బొమ్మల నుంచి మందుల మోతాదుల దాకా మగ శరీరాన్నే మనిషి కొలతగా తీసుకోవడం వల్ల ఆడవాళ్ళు ఎలా నష్టపోతున్నారో క్రియాడో పెరెజ్ వివరంగా చూపించింది. పొగ రాని పొయ్యిల గురించి ఆమె రాసింది మనకి బాగా తెలిసిన సంగతే. పొగ తగ్గుతుంది సరే, కట్టెలు చిన్న ముక్కలుగా కొట్టుకోవాలి, దగ్గరే కూర్చుని చూసుకోవాలి. వండే మనిషికి ఇంకో నాలుగు పనులున్నాయని పొయ్యి చేసినవాళ్ళు అడిగి తెలుసుకోలేదు. ఆడవాళ్ళు వాడకపోతే వాళ్ళకి అవగాహన లేదన్నారు. అదే 2019 మార్చిలో ఇద్దరు స్త్రీలు కలిసి చెయ్యాల్సిన అంతరిక్ష నడకని నాసా మార్చుకుంది. మధ్య సైజు స్పేస్‌సూట్ పై భాగం సిద్ధంగా ఉన్నది ఒక్కటే కావడం దానికి కారణం. భవిష్యత్తుకి కూడా ఒక సైజు ఉంటుందని, అది ఎవరి సైజో ముందే తేలిపోయిందని ఆ వార్త నాకు చెప్పింది.

ఇప్పుడు 'ఎ సిటీ ఆన్ మార్స్'. కెలీ జీవశాస్త్రవేత్త, జాక్ వ్యంగ్య చిత్రకారుడు. అంతరిక్షంలో ఊళ్ళు కట్టడం మీద ఉత్సాహంతో పరిశోధన మొదలుపెట్టి, చదివే కొద్దీ అనుమానాల్లో పడ్డామని వాళ్ళే చెప్పుకున్నారు. అంగారకుడి మట్టిలో పెర్క్లోరేట్లనే విషపదార్థాలున్నాయి. గురుత్వాకర్షణ మన భూమి మీద ఉన్నదాంట్లో 38 శాతమే. రేడియేషన్ నుంచి రక్షణ లేదు. వీటితోపాటు వాళ్ళు ఇంకో మాట అడిగారు. అక్కడ పిల్లలు పుట్టగలరా? దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇంతవరకు ఏ స్త్రీ గర్భం అంతరిక్షంలో గడవలేదు. తక్కువ గురుత్వంలో పిండం ఎముకలు ఎలా పెరుగుతాయో, రేడియేషన్ ఏం చేస్తుందో, కాన్పు ఎలా జరుగుతుందో తెలియదు. అంతరిక్షంలోకి వెళ్ళినవాళ్ళలో స్త్రీలు అయిదో వంతు కూడా లేరు. లక్షల మందితో నగరం కడతామని ప్రకటించే మగవాళ్ళు ఆ లక్షల మందిని కనేదెవరో లెక్కవేసుకోలేదన్న సంగతి ఈ పుస్తకం నవ్విస్తూనే బయటపెడుతుంది.

మా డిగ్రీ అమ్మాయిలకి ఈ పుస్తకం గురించి చెబుతున్నప్పుడు రాకెట్ల సంగతి అంతా విని వెనక బల్లలోంచి ఒకమ్మాయి, "అక్కడ పురుడెవరు పోస్తారు మేడం?" అంది. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. వాళ్ళక్క కాన్పుకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి జిల్లా ఆసుపత్రికి, అక్కణ్ణించి హైదరాబాదుకి పంపారట. నలభై కిలోమీటర్లు ఎంత దూరమో తెలిసిన పిల్లకి నెలల తరబడి ప్రయాణం అంటే ఏమిటో వెంటనే అర్థమైంది. అంగారక నగరాల మీద వచ్చిన ప్రకటనల్లో ఎంతో తెలివిగా రాసినవాటిలో కూడా ఆ అమ్మాయి ప్రశ్న నాకు కనిపించలేదు.

ఈ పుస్తకాన్ని మెచ్చుకుంటూనే ఇంకో అడుగు వెయ్యాలి. వీనర్‌స్మిత్‌లకి గర్భం ఒక సమస్య, మట్టిలో విషం లాగా, రేడియేషన్ లాగా. సమాచారం లేదు కాబట్టి ఆగుదాం, పరిశోధన చేద్దాం అంటారు. న్యాయమైన మాటే. కానీ ఆ పరిశోధన ఎవరి ఒంటి మీద జరుగుతుంది? ఒక చిన్న వలస నిలబడాలంటే ఇంతమంది పిల్లలు కావాలని లెక్క తేలిన రోజున, వద్దనే హక్కు అక్కడి స్త్రీకి ఉంటుందా? గాలికి కూడా కంపెనీ మీద ఆధారపడాల్సిన ఊళ్ళో ఆ "వద్దు" అన్న మాట ఎవరితో చెప్పుకోవాలి? మనకి ఇది ఊహాలోకపు ప్రశ్న కాదు. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలో అతి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూ వచ్చాయి. నలభై నిండకుండానే, చిన్న బాధలకే, "పిల్లలు పుట్టేశారు, ఇక దాంతో పనేముంది" అన్న ఒక్క మాట మీద తీయించుకున్నవాళ్ళు మనందరికీ తెలుసు. ఒకచోట గర్భసంచి మానవాళిని నిలబెట్టే వనరు, ఇంకోచోట పని అయిపోయిన సంచి. రెండుచోట్లా లెక్క వేసేది ఆమె కాదు.

ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని అడగడం మనకి నేర్పింది దళిత స్త్రీలు. "స్త్రీ" అని ఒకే మాటతో అందరినీ కలిపేసినప్పుడు ఎవరు కనపడకుండా పోతారో 90ల నుంచి వాళ్ళు చెబుతూ వచ్చారు. గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' పక్కన పెట్టుకుని 'ఇన్విజిబుల్ విమెన్' చదివితే ఆ లోటు తెలుస్తుంది. అక్కడ స్త్రీకి శరీరం ఉంది, కులం లేదు. అంగారకుడి నగరంలో నీళ్ళు ప్రతి చుక్కా తిరిగి వాడుకోవాలి, మలమూత్రాలతో సహా. యంత్రాల గురించి చాలామంది రాశారు. యంత్రం చెడితే చెయ్యి పెట్టేది ఎవరు? దీనికి కొత్త లోకంలో ఏదో మంచి జవాబు దొరుకుతుందని నమ్మడానికి, ఈ లోకంలో మాన్‌హోళ్ళ గురించి మనకి తెలిసినదేదీ సహాయం చెయ్యదు. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాక కూడా మనుషులు అందులో దిగి చనిపోతూనే ఉన్నారు.

సామాన్యుల కోసం సైన్సు అన్నప్పుడు నాకు గుర్తొచ్చే తెలుగు పుస్తకం 'సవాలక్ష సందేహాలు'. స్త్రీల ఆరోగ్యం గురించి హైదరాబాదులో స్త్రీలు కలిసి కూర్చుని తయారుచేసిన పుస్తకం. ఏ బహుమతి జాబితాలోనూ దాని చోటు వెతకనక్కరలేదు. దాని పేరులోనే ఒక పద్ధతి ఉంది. తెలిసినవాళ్ళు చెప్పడంతో మొదలవ్వలేదు, సందేహాలతో మొదలైంది. మానవాళి భవిష్యత్తు గురించి రాసే పుస్తకం కూడా అలా మొదలవ్వాలని కోరుకోవడం అత్యాశ అని నేను అనుకోను. వెనక బల్ల అమ్మాయి సందేహం మొదటి అధ్యాయం అయితే తర్వాతి అధ్యాయాలన్నీ మారిపోతాయి. రాకెట్ ఇంధనం గురించిన అధ్యాయం కూడా.

బహుమతుల తీర్పరుల్ని మనం మార్చలేం. కానీ ఈ పుస్తకాలని తెలుగులోకి తెచ్చేది, పత్రికల్లో పరిచయం చేసేది, క్లాసుల్లో చెప్పేది మనమే. పరిచయం రాసేటప్పుడు మూడు సంగతులు చూద్దాం. ఈ భవిష్యత్తులో కనేది, పెంచేది ఎవరు? రోజూ శుభ్రం చేసేది, బాగుచేసేది ఎవరు? వద్దు అనే హక్కు ఎవరికుంది? 'సిక్స్ డిగ్రీస్' ఈ ప్రశ్నల దాకా రాలేదు. గాయా విన్స్ మనుషుల దాకా వచ్చింది. వీనర్‌స్మిత్‌లు మొదటి ప్రశ్న గట్టిగా అడిగారు. మిగతా రెండూ ఇంకా రాయాల్సిన పుస్తకాలు. సైన్సు చదివిన అమ్మాయిలు మన కాలేజీల్లో ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ళచేత కథలు, కవితలు రాయించినట్టే ఇవి కూడా రాయించే పని మన పత్రికలు పెట్టుకోవాలి.